డేగకు ఎవరూ అక్కర్లేదు: ‘కెస్’ సినిమాపై ఒక ఛాయాగ్రాహకుడి కేస్ స్టడీ

గోదావరిఖనిలో తీస్తున్న ఒక చిన్న స్వతంత్ర చిత్రానికి నేను ఛాయాగ్రాహకుడిని. పన్నెండు రోజుల చిత్రీకరణ పూర్తయ్యాక, మిగిలిన ఎనిమిది రోజుల పనికి ముందు, తొలి కూర్పును పదిమంది మిత్రులకు చూపించాం. కథ ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడిది. తండ్రి బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు చేస్తాడు, తల్లి పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదు, క్వార్టర్లో పిల్లవాడు ఒక్కడే ఉంటాడు. ఆ ఒంటరితనాన్ని చూపించడానికి నేను వాణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను, నీళ్ళ ట్యాంకు మెట్లమీద కూర్చోబెట్టాను, సాయంత్రపు ఎర్రని వెలుగులో రోడ్డుమీద ఒంటరిగా నడిపించాను. ప్రతి దృశ్యమూ అందంగానే ఉంది. చూసిన పదిమందిలో ఏడుగురు ఒకటే మాట అన్నారు: “పాపం.”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మనం ఒకరిని చూసి పాపం అన్నామంటే వాళ్ళకంటే ఒక మెట్టు పైన నిలబడి చూస్తున్నామని అర్థం. వాడి పక్కన నిలబడినవాళ్ళు ఆ మాట అనరు. నా కెమెరా ఆ పిల్లవాణ్ణి జాలిపడదగిన వస్తువుగా మార్చిందని అప్పుడు తెలిసింది. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసుకోవడానికి, బొగ్గు ఊరిలోని మరో పిల్లవాడి కథను, 1969లో వచ్చిన బ్రిటిష్ చిత్రం ‘కెస్’ను, పది రోజులు ముందు పెట్టుకుని దృశ్యం వెంట దృశ్యంగా చదివాను. ఆ అధ్యయనంలో నాకు తేలిన విషయాలనూ, వాటివల్ల మా చిత్రీకరణలో చేసుకున్న మార్పులనూ ఇక్కడ రాస్తున్నాను.

సినిమా పుట్టిన తీరు

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో, యార్క్‌షైర్‌లో, బార్న్స్‌లీ అనే బొగ్గుగనుల పట్టణం ఉంది. ఆ పరిసరాల్లోనే పుట్టిపెరిగి, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన బ్యారీ హైన్స్ 1968లో ‘ఎ కెస్ట్రెల్ ఫర్ ఎ నేవ్’ (అట్టడుగువాడికి ఒక కెస్ట్రెల్) అనే నవల రాశాడు. దాని ఆధారంగా కెన్ లోచ్ దర్శకత్వంలో, టోనీ గార్నెట్ నిర్మాణంలో ఈ సినిమా తయారైంది. చిత్రానువాదాన్ని హైన్స్, లోచ్, గార్నెట్ ముగ్గురూ కలిసి రాశారు. వుడ్‌ఫాల్ సంస్థ ద్వారా యునైటెడ్ ఆర్టిస్ట్స్ డబ్బు సమకూర్చింది. మొత్తం ఖర్చు దాదాపు 1,57,000 పౌండ్లు, ఆనాటి లెక్కలో కూడా చిన్న మొత్తమే. 1968 వేసవిలో బార్న్స్‌లీలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ, అసలైన ఇళ్ళలో, అసలైన బడిలో చిత్రీకరించారు.

బిల్లీ కాస్పర్ పదిహేనేళ్ళవాడు. తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లికి తన బతుకే బరువు. అన్న జడ్ గనిలో పనిచేస్తాడు, తమ్ముణ్ణి కొడతాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే మంచంమీద పడుకుంటారు. బిల్లీ తెల్లవారకముందే లేచి ఇంటింటికీ పేపర్లు వేసి బడికి వెళ్తాడు. పదకొండో ఏట రాసే పరీక్షలో నెగ్గినవాళ్ళు ఒక రకం బడికీ, మిగిలినవాళ్ళు ఇంకో రకం బడికీ వెళ్ళే పద్ధతి ఆనాటి ఇంగ్లండ్‌లో ఉండేది. బిల్లీ చదివేది ఆ రెండో రకం బడి. అక్కడి పిల్లలు పదిహేనేళ్ళకే చదువు ముగించి పనిలోకి వెళ్ళవలసినవాళ్ళు. ఒకరోజు బిల్లీ పాడుబడిన గోడలో గూడు కట్టుకున్న కెస్ట్రెల్ అనే చిన్న డేగను చూసి, దాని పిల్లను తెచ్చి, దానికి ఎగరడం, పిలిస్తే రావడం నేర్పుతాడు. చివరికి జడ్ ఆ డేగను చంపుతాడు. కథ ఇంతే.

ఈ పక్షి మనకు కొత్తది కాదు. శీతాకాలంలో మన దక్కను మైదానాలకూ వస్తుంది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ, తలను కదలనివ్వకుండా, కింద గడ్డిలోకి చూస్తూ నిలబడే చిన్న డేగను పొలాల వెంట తిరిగినవాళ్ళు చూసే ఉంటారు. రాజులు వేటకు పెంచుకున్న జాతి మాత్రం ఇది కాదు. మనకు సాళువం అనే మాట ఉంది. వేటడేగ పేరే ఒక రాజవంశానికి పేరయింది. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో కూడా ఏ అంతస్తువాడు ఏ డేగను పెంచవచ్చో చెప్పే జాబితాలు ఉండేవి. వాటిలో కెస్ట్రెల్ అట్టడుగువాడి వాటాకు వచ్చింది. నవల పేరు కూడా అక్కడినుంచే పుట్టింది.

కెమెరా నిలబడిన చోటు

ఈ సినిమా ఛాయాగ్రాహకుడు క్రిస్ మెంగెస్. అంతకుముందు బీబీసీ నాటకాల్లో లోచ్ చేతికెమెరాతో, వార్తాచిత్రాల వేగంతో పాత్రల వెంట పరుగులు పెట్టించాడు. ఇక్కడ ఆ పద్ధతిని పూర్తిగా వదిలేశాడు. ఆ కాలపు చెక్ సినిమాల ప్రభావం లోచ్‌మీద, మెంగెస్‌మీద బాగా ఉంది. చెక్ ఛాయాగ్రాహకుడు మిరొస్లావ్ ఒంద్రిచెక్ ఇంగ్లండ్‌లో పనిచేసినప్పుడు మెంగెస్ ఆయన దగ్గర కెమెరా ఆపరేటర్‌గా ఉన్నాడు. గది మొత్తానికి కిటికీలోంచి సమానంగా వెలుగు వచ్చేలా చేసుకోవడం, నటుడికి నేలమీద గుర్తులు పెట్టకపోవడం, కెమెరాను దూరంగా ఉంచి పొడవాటి లెన్సుతో చూడటం ఆ పద్ధతికి మూలసూత్రాలు. వీటివల్ల నటుడు, అందులోనూ ఎన్నడూ కెమెరా ముందు నిలబడని పిల్లవాడు, తనకు తోచినట్టు కదలగలుగుతాడు. వాడి కదలికకు తగ్గట్టు తిరగవలసిన భారం కెమెరామన్ మీద పడుతుంది.

దూరం అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నేనూ దూరం నుంచే తీశాను, నీళ్ళ ట్యాంకు మెట్లమీద పిల్లవాడు చిన్న చుక్కలా కనిపిస్తాడు. అయినా ఫలితం వేరుగా ఎందుకు వచ్చింది? రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కారణం తెలిసింది. నా దూరం ఒక వ్యాఖ్య. విశాలమైన ఆకాశాన్ని చేర్చి, పిల్లవాణ్ణి మూలకు నెట్టి, వాడు ఎంత ఒంటరివాడో ప్రేక్షకుడికి నేనే చెప్పేస్తున్నాను. మెంగెస్ దూరంలో అలాంటి ప్రకటన లేదు. కెమెరా గది అవతలి గోడ దగ్గర ఉన్నా లెన్సు పొడవుగా ఉండటంవల్ల ముఖం మనకు దగ్గరగానే కనిపిస్తుంది. మధ్యలో ఇతర పిల్లల తలలు, భుజాలు అడ్డం వస్తుంటాయి, పోతుంటాయి. అంటే మనం ఆ గదిలో ఒక మూల కూర్చుని, వాణ్ణి ఇబ్బంది పెట్టకుండా చూస్తున్న మనిషి స్థానంలో ఉంటాం. మర్యాదగా ఉండే దూరమది. వాడు మనల్ని ఏమీ అడగడు, మనం వాడికి ఏమీ ఇవ్వం. అలా చూస్తూ ఉండగా వాడి బతుకు మనకు అర్థమవుతుంది.

మరొక సంగతి, బిల్లీ ఈ సినిమాలో దాదాపు ఎప్పుడూ జనం మధ్యే ఉంటాడు. ఒకే మంచంలో అన్న, బడిలో ప్రార్థనకు చేరిన వందలమంది, ఆటస్థలంలో రెండు జట్లు, బట్టలు మార్చుకునే గదిలో అరుపులు. ఒక ఉదయం ఉపాధ్యాయుడు హాజరు పిలుస్తూ ఫిషర్ అనే పేరు చదవగానే, బిల్లీ తనకు తెలియకుండానే జర్మన్ బైట్ అని పలుకుతాడు. ఆ రెండూ రేడియోలో ఓడలవాళ్ళకు చదివే సముద్ర వాతావరణ వార్తల్లో ఒకదాని వెంట ఒకటి వచ్చే ప్రాంతాల పేర్లు. తరగతిగదిలో కూర్చున్న పిల్లవాడి మనసులో ఎక్కడో సముద్రం మీద గాలి వీస్తున్నదని ఆ ఒక్క తొట్రుపాటు చెప్పేస్తుంది. ఉపాధ్యాయుడికి మాత్రం అది అల్లరిగానే వినిపిస్తుంది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి నేను నాలుగు నిమిషాలు తీసినా రాని ఒంటరితనం ఈ నాలుగు సెకండ్లలో ఉంది. పక్కన ఎవరూ లేకపోవడం కౌమారంలో అంత పెద్ద బాధ కాదు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరికి కూడా తన లోపల నడుస్తున్నది వినిపించకపోవడమే ఆ వయసు బాధ.

స్నేహితుడు కాని పక్షి

ఒంటరి పిల్లల కథలు రాసేటప్పుడు మనందరి చెయ్యీ ఒకే దారిన పోతుంది. పిల్లవాడికి ఒక కుక్కపిల్లనో, పక్కింటి ముసలాయననో, కొత్తగా వచ్చిన అమ్మాయినో తోడుగా ఇస్తాం. ఆ తోడు ప్రేమిస్తుంది, పిల్లవాడు తేరుకుంటాడు. మా స్క్రిప్టులో ఒక కుక్క ఉంది. ‘కెస్’ను కూడా చాలామంది పిల్లవాడికీ పక్షికీ మధ్య స్నేహకథగానే గుర్తుపెట్టుకుంటారు. సినిమాను జాగ్రత్తగా చూస్తే అందులో ఉన్నది స్నేహానికి సరిగ్గా వ్యతిరేకమైనది.

మధ్యాహ్నం భోజన విరామంలో, బడిలో ఇంగ్లీషు చెప్పే ఫార్దింగ్ మాస్టారు బిల్లీ డేగను ఎగరేయడం చూడటానికి పొలానికి వస్తాడు. అది అయిపోయాక గుడిసెలో ఇద్దరూ మాట్లాడుకుంటారు. దీన్ని పెంపుడు పక్షి అని ఎవరైనా అంటే బిల్లీకి కోపం. డేగకు శిక్షణ ఇవ్వగలం గానీ మచ్చిక చేసుకోలేం అంటాడు. అది ఎవరినీ లెక్కచేయదు, తనను కూడా లెక్కచేయదు, అందుకే అది గొప్పది, తనను అలా నిలబడి చూడనిస్తున్నదంటే అదే దాని దయ అన్న అర్థంలో మాట్లాడతాడు. జీవితంలో అందరూ తరిమేసే పిల్లవాడు, తనను తరమనూ తరమని, ఆశ్రయించనూ ఆశ్రయించని ఒక జీవి ముందు వినయంగా నిలబడటం ఎంత పెద్ద విషయమో ఆ గుడిసెలో అర్థమవుతుంది. వాడికి కావలసింది ప్రేమించేవాళ్ళు కాదు. ఎవరి ఆమోదమూ అక్కర్లేకుండా తలెత్తుకు బతకడం ఎలా ఉంటుందో వాడు కళ్ళారా చూడాలి. డేగ వాడికి అది చూపించింది.

అందుకే ఈ సినిమా కాలాన్ని ప్రేమ ప్రకటనల మీద కాకుండా పని మీద ఖర్చు చేస్తుంది. బిల్లీ గ్రంథాలయానికి వెళ్తాడు. సభ్యత్వానికి పెద్దల సంతకం కావాలంటారు, ఇవ్వరు. పుస్తకాల దుకాణంలో డేగల పెంపకం పుస్తకాన్ని దొంగిలిస్తాడు. బడిలో ఏదీ చదవడని పేరుపడినవాడు ఆ పుస్తకాన్ని గట్టిగా చదువుకుంటాడు. డేగ కాళ్ళకు తోలు పట్టీలు, చేతికి తొడుగు, మొదట పొడవాటి తాడు కట్టి కొద్ది దూరం నుంచి పిలవడం, ప్రతిరోజూ ఆ దూరాన్ని పెంచుతూ పోవడం, చివరికి తాడు విప్పేసి ఎరను గాలిలో తిప్పడం, ఈ క్రమమంతా మనం చూస్తాం. ఒక మనిషి తన చేతిపనిలో నిమగ్నమై ఉన్నప్పుడు వాడిమీద జాలిపడటం సాధ్యం కాదు. మా తొలి కూర్పులో మా పిల్లవాడికి చేతినిండా పని లేకపోవడమే అన్నిటికంటే పెద్ద లోపమని ఇక్కడ నాకు తేలింది.

ఈ నమ్మకం వెనుక నిజమైన శ్రమ ఉంది. రచయిత తమ్ముడు రిచర్డ్ హైన్స్ డేగలను పెంచిన అనుభవం ఉన్నవాడు. నవలకు బీజమైనది ఆయన అనుభవమే. చిత్రీకరణ కోసం మూడు కెస్ట్రెల్‌లకు ఆయన శిక్షణ ఇచ్చాడు. ఇంగ్లండ్‌లోని ఒక చెప్పుల దుకాణాల సంస్థ పేరులోని మూడు ముక్కలను తీసుకుని వాటికి ఫ్రీమన్, హార్డీ, విల్లిస్ అని పేర్లు పెట్టారు. బిల్లీగా నటించిన డేవిడ్ బ్రాడ్లీ స్థానిక బడిలో చదువుతున్న గని కార్మికుడి కొడుకు. ఆ అబ్బాయి డేగను ఎగరేయడం నిజంగా నేర్చుకున్నాడు. పొలంలో ఎర తిప్పే దృశ్యాల్లో ఆ మణికట్టు చేసేది నటన కాదు. జాన్ కామెరాన్ సంగీతంలో హెరాల్డ్ మెక్‌నయిర్ వేణువు ఆ దృశ్యాల్లో వినిపిస్తుంది. మా తొలి కూర్పులోనూ వేణువే ఉంది. కానీ మేము దాన్ని పిల్లవాడి దుఃఖం మీద పెట్టాం, వాళ్ళు పిల్లవాడి నేర్పు మీద పెట్టారు.

నల్లబల్ల ముందు ఎనిమిది అడుగులు

ఈ సినిమాలో నేను ఎక్కువసార్లు చూసిన దృశ్యం ఇంగ్లీషు తరగతి. ఫార్దింగ్ మాస్టారు వాస్తవం, కల్పన అనే పాఠం చెబుతుంటాడు. ఒక్కొక్కరినీ తమ జీవితంలో నిజంగా జరిగినదేదైనా చెప్పమంటాడు. ఒక అబ్బాయి కప్పపిల్లలు నిండిన రబ్బరు బూట్లలో కాళ్ళు పెట్టిన సంగతి చెబుతాడు. బిల్లీ వంతు రాగానే ముందు మొరాయిస్తాడు. పక్కవాడు డేగ సంగతి అందిస్తాడు. మాస్టారు అడుగుతూ పోతే, కూర్చున్నచోట గొణిగినవాడు మెల్లగా తరగతి ముందుకు వచ్చి నిలబడతాడు, తోలు పట్టీల పేరును నల్లబల్లమీద రాస్తాడు, చేతులతో చూపిస్తూ చెప్పడం మొదలుపెడతాడు.

ఛాయాగ్రాహకుడిగా ఇక్కడ నేను గమనించినది కూర్చున్నవాడు నిలబడటానికి సినిమా తీసుకున్న వ్యవధిని. వాడి బెంచీ నుంచి నల్లబల్లకు ఎనిమిది అడుగులు ఉంటాయేమో, ఆ దూరం నడవడానికి వాడికి పదిహేనేళ్ళు పట్టింది. కెమెరా వాడివైపు దూసుకువెళ్ళదు. సంగీతం లేదు. వింటున్న పిల్లల ముఖాలు మధ్యమధ్య కనిపిస్తాయి. ఆ ముఖాల్లో హేళన ఎప్పుడు ఆగిపోయి శ్రద్ధ ఎప్పుడు మొదలైందో గీత గీసి చెప్పలేం. బ్రాడ్లీకి డేగ పెంపకం నిజంగా తెలుసు కాబట్టి, తనకు తెలిసినదాన్నే తన యాసలో చెబుతున్నాడు. వింటున్న పిల్లలు కూడా ఆ బడిపిల్లలే. అబద్ధం చెప్పవలసిన అవసరం ఎవరికీ లేని దృశ్యం అది. ఫార్దింగ్‌గా వేసిన కాలిన్ వెలాండ్ కూడా నటుడు కాకముందు ఉపాధ్యాయుడే. 1971లో బ్రిటిష్ అకాడమీ ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా, బ్రాడ్లీకి ఆశాజనకమైన కొత్త నటుడిగా పురస్కారాలు ఇచ్చింది.

యాస గురించి ఒక మాట చెప్పాలి. ఈ పిల్లలు మాట్లాడే బార్న్స్‌లీ యాస లండన్‌వాళ్ళకే సరిగా అర్థం కాలేదు. పంపిణీదార్లు వెనకాడారు. మొదట ఉత్తరాది పట్టణాల్లో విడుదల చేసి, అక్కడ జనం ఆదరించాకే మిగతా ప్రాంతాలకు తీసుకెళ్ళారు. మా సినిమాలో గోదావరిఖని పిల్లవాడి మాటలను అందరికీ అర్థమయ్యేలా కొంచెం సవరిద్దామని మా దర్శకుడికి ఒకరు సలహా ఇచ్చారు. ఆ సలహాను పక్కన పెట్టడానికి ఈ సినిమా ఉదాహరణ మాకు బలమిచ్చింది. యాస తీసేస్తే పిల్లవాడు తన ఊళ్ళో పరాయివాడైపోతాడు, అది ఇంకో రకమైన ఒంటరితనం, మా కథకు అక్కర్లేనిది.

నేను అంగీకరించలేనిది

లోచ్ పద్ధతిలో ఇంకొక అంశం ఉంది. కథను వీలైనంతవరకు వరుసక్రమంలో తీస్తాడు, నటులకు ముందు ఏం జరగబోతోందో చెప్పడు. ఆశ్చర్యం నిజంగా కలగాలని ఆయన ఉద్దేశం. ఫుట్‌బాల్ ఆటలో వ్యాయామ ఉపాధ్యాయుడు సగ్డెన్‌గా వేసిన బ్రయాన్ గ్లోవర్ నిజజీవితంలో ఉపాధ్యాయుడు, కుస్తీ పోటీల్లో పాల్గొనే మల్లుడు కూడా. ఆయన నోటినుంచి ఏమి వస్తుందో పిల్లలకు తెలియదు. ఆ ఆట నవ్విస్తుంది, ఆ తరువాత బిల్లీని చన్నీళ్ళ స్నానంలో నిలబెట్టి బయటికి రానివ్వకపోవడం ఆ నవ్వును గొంతులోనే ఆపేస్తుంది. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు.

ప్రధానోపాధ్యాయుడి గదిలో బెత్తం దెబ్బల దృశ్యం వేరు. సిగరెట్లు తాగుతూ దొరికినవాళ్ళతో పాటు, ఎవరో పంపిన సందేశం చెప్పడానికి వచ్చిన చిన్నపిల్లవాడు కూడా అక్కడ నిలబడి ఉంటాడు. పెద్దపిల్లలు తమ సిగరెట్లను వాడి జేబుల్లో కుక్కుతారు, వాడికీ దెబ్బలు పడతాయి. చిత్రీకరణలో ఆ పిల్లలకు బెత్తం నిజంగానే తగిలింది. ఆ చిన్నవాడి కన్నీళ్ళు నిజమైనవి. అలాగే చివర్లో చనిపోయిన పక్షిని చూసే దృశ్యానికి, అప్పటికే చనిపోయిన వేరొక పక్షిని వాడారు, కానీ తాను పెంచిన డేగకే ఆపద వచ్చిందేమోనన్న అనుమానంలో బ్రాడ్లీని ఉంచారు.

ఆ రెండు దృశ్యాలూ ప్రపంచ సినిమాలో మరచిపోలేనివి. అయినా అవి వచ్చిన దారి తప్పుడు దారి అని నేను స్పష్టంగా రాస్తున్నాను. పెద్దలు పిల్లల శరీరాలనూ మనసులనూ వాళ్ళను అడగకుండా వాడుకుంటారని ఎత్తిచూపే సినిమా, ఒక మధ్యాహ్నం పాటు తానే ఆ పని చేసింది. మా జట్టులో దీనిమీద వాదన జరిగింది. ఫలితం అంత గొప్పగా ఉన్నప్పుడు దారి గురించి ఎందుకని కూర్పరి అడిగారు. బ్రాడ్లీకి తరగతిగది దృశ్యాన్ని అంత బాగా చేయగల శక్తి ఉంటే చివరి దృశ్యాన్ని నమ్మకంతో చేయించడం కూడా సాధ్యమయ్యేదే అన్నది నా సమాధానం. పిల్లవాడికి తెలియకుండా తీసినది బాగుంటే ఘనత దర్శకుడికి పోతుంది. పిల్లవాడు తెలిసి చేసినది బాగుంటే అది వాడికి చెందుతుంది. మా పిల్లవాడికి ప్రతిరోజూ ఉదయం ఆ రోజు దృశ్యం మొత్తం చెప్పాకే కెమెరా తెరిచాం.

బాయి అనే తలుపు

బడి విడిచే ముందు ఉద్యోగాల అధికారి ఒకరు పిల్లలను పిలిచి మాట్లాడతాడు. బిల్లీ వంతు వచ్చేసరికి వాడి మనసంతా జడ్ మీద ఉంది. అన్న పందెం కట్టమని ఇచ్చిన డబ్బును వాడు కట్టలేదు, ఆ గుర్రాలు గెలిచాయి, అన్న బడిలోనే వాడికోసం వెతుకుతున్నాడు. అధికారి ఆఫీసు పనా, చేతిపనా అని అడుగుతాడు, గని ఉద్యోగంలో ఇప్పుడున్న సౌకర్యాలు వివరిస్తాడు. గనిలోకి మాత్రం పోనని బిల్లీ అంటాడు. పక్షులకు శిక్షణ ఇవ్వడం తెలిసిన పిల్లవాడు ఎదురుగా కూర్చున్నాడని ఆ అధికారికి తెలియకుండానే సంభాషణ ముగుస్తుంది. ఎదగడం అంటే ఇక్కడ తలుపులు తెరుచుకోవడం కాదు, ఒక్కొక్కటిగా మూసుకుపోయి చివరికి గని తలుపు ఒక్కటే మిగలడం.

ఈ దృశ్యం దగ్గర మా కథకూ ఈ కథకూ ఉన్న పెద్ద తేడా బయటపడింది, దాన్ని నేను మొదట్లో గమనించలేదు. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైనప్పటినుంచి తరాలు గడిచిన మన సింగరేణి ప్రాంతంలో, బాయి ఉద్యోగం తప్పించుకోవలసిన గండం కాదు, ఇంటికి దక్కవలసిన ఆస్తి. వారసత్వ ఉద్యోగం కోసం కుటుంబాలు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తాయి. బిల్లీ గని తనను మింగుతుందని భయపడతాడు. మా పిల్లవాడు తండ్రి ఉద్యోగం తనకు వస్తుందో రాదో, రావాలంటే తండ్రికి ఏం కావాలో అన్న ఆలోచనకే భయపడతాడు. తండ్రి అనారోగ్యం కొడుకు భవిష్యత్తుకు దారి అయ్యే ఇంట్లో ఆ పిల్లవాడు తన ఆశను ఎవరితోనూ పంచుకోలేడు. ఈ సంగతి స్క్రిప్టులో ఒక మూల ఒక్క వాక్యంగా ఉంది. ‘కెస్’ చదివాక దర్శకుడు దాన్ని కథ నడుమకు తెచ్చారు. బార్న్స్‌లీ వైపు చరిత్ర ఇంకోలా సాగింది. 1984-85 సమ్మె తరువాత అక్కడి గనులు వరుసగా మూతపడ్డాయి, 2015 డిసెంబరులో బ్రిటన్‌లోని ఆఖరి లోతు గని కూడా యార్క్‌షైర్‌లోనే మూతపడింది.

ముగింపును కోసిన తీరు

నవల ఒకే రోజులో నడుస్తుంది, పాత సంగతులు జ్ఞాపకాలుగా వస్తాయి. సినిమా ఆ ముడిని విప్పి సంఘటనలను దాదాపు వరుసగా పెట్టింది. అంతకంటే ముఖ్యమైన మార్పు చివర్లో ఉంది. నవలలో డేగ చనిపోయాక బిల్లీ మూతపడిన ఒక పాత సినిమాహాలులోకి దూరి, తండ్రితో అక్కడికి వచ్చిన రోజులను, తండ్రి వెళ్ళిపోయిన రోజును తలచుకుంటాడు. ఆ తరువాతే ఇంటికి వస్తాడు. పుస్తకంలో అది బలమైన ఘట్టం. సినిమా దాన్ని పూర్తిగా వదిలేసింది. చెత్తకుండీలోంచి పక్షిని తీసుకుంటాడు, తల్లి ముందు, అన్న ముందు ఏడుస్తూ అరుస్తాడు, బయటికి వెళ్ళి గొయ్యి తీసి పూడ్చిపెడతాడు. సినిమా ఆగిపోతుంది.

తండ్రి జ్ఞాపకాన్ని ఉంచి ఉంటే ప్రేక్షకుడికి ఒక కారణం దొరికేది. తండ్రి లేడు కాబట్టి ఇలా జరిగిందని మనసు సర్దుకునేది. దాన్ని తీసేయడంవల్ల అన్న ఉద్యోగం, బడి, పందెం డబ్బు, తల్లి అలసట అన్నీ అలాగే మిగిలిపోతాయి. రేపు ఉదయం కూడా వాడు పేపర్లు వేయాలి. పూడ్చే దృశ్యంలో కూడా వాడి చేతులు తమ పని తాము సక్రమంగా చేస్తాయి. డేగ కాళ్ళకు పట్టీ కట్టిన చేతులే ఇప్పుడు గొయ్యి తీస్తున్నాయని మనకు గుర్తొస్తుంది. కెమెరా దగ్గరికి రాదు. ఆ చివరి నిమిషంలో మెంగెస్ కెమెరాను ఇంకో రెండు అడుగులు ముందుకు జరపకుండా ఉండటానికి ఎంత నిగ్రహం కావాలో, ఆ పని చేసేవాడిగా నాకు తెలుసు.

మేము మార్చినవి

మిగిలిన ఎనిమిది రోజుల్లో కుక్కను కథలోంచి తీసేశాం. పిల్లవాడికి ఒక పని ఇచ్చాం. మార్కెట్ వీధిలో మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణంలో సాయంత్రాలు కూర్చుని, కాలిపోయిన ఫ్యానుకు కొత్త రాగితీగ చుట్టడం నేర్చుకుంటాడు. ఆ దుకాణం యజమాని దయగల ముసలాయన కాదు, పెద్దగా మాట్లాడడు, లెక్క తప్పితే చుట్టినదంతా విప్పిస్తాడు. మా నటుడు నిజంగా పది రోజులు ఆ పని నేర్చుకున్నాడు. కిటికీ దృశ్యాలు నాలుగింటిలో మూడు తీసేశాం. లోపలి దృశ్యాలకు దుకాణం ముందరి తలుపులోంచి వచ్చే పగటి వెలుగు సరిపోయింది. నేను వీధికి అవతల, ఒక కిరాణా కొట్టు అరుగుమీద, 135 మిల్లీమీటర్ల పొడవాటి లెన్సుతో కూర్చున్నాను. మధ్యలో ఆటోలు, మనుషులు అడ్డం పోతూనే ఉన్నారు.

చివరి రోజు తీసినది తండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రాత్రి దృశ్యం. పిల్లవాడు తండ్రి మంచం పక్కన నేలమీద కూర్చుని, తెచ్చుకున్న పాత ఫ్యానుకు తీగ చుడుతూ చుట్లు లెక్కపెడతాడు. స్క్రిప్టులో వాడు మధ్యలో ఆగి ఏడుస్తాడు. దృశ్యం మొత్తం చెప్పాక వాడు నా దగ్గరికి వచ్చి, “అన్నా, లెక్క నడుమల ఆపితే మళ్ళ మొదటికెళ్ళి చుట్టాలె, ఆపకుంట చేస్త” అన్నాడు. దర్శకుడు సరే అన్నారు. తలుపు బయట నిలబడి తీశాను. నూట నలభై దగ్గర వాడి గొంతు ఒకసారి వణికింది, లెక్క తప్పలేదు.